నా మీది రెండో పేరు

నేను ఒక జ్ఞాపికను. సన్మాన సభల్లో శాలువా కప్పాక చేతిలో పెడతారే, ఆ వస్తువును. బంగారు రంగు పూసిన అట్టచెక్కను. నీళ్ళు తగిలితే ఉబ్బిపోతాను. పుట్టింది విజయవాడలో. కబడ్డీ కప్పుల కోసం చేసిన పీఠాలు మిగిలిపోతే, ఒకదాని మీద వీణ బొమ్మ అంటించి నన్ను తయారుచేశారు. ఆ వీణకు మూడే తీగలు. సంగీతాన్ని ఉద్ధరిస్తున్నామనే పెద్దలు ఇంతవరకూ ఆ సంగతి గమనించలేదు.

నన్ను కొన్నది తెనాలిలోని స్వరఝరి కళాపీఠం కార్యదర్శి చక్రధరరావు. నా మీద 'ఉత్తమ నాదస్వర విద్వాంసుడు' అని చెక్కించి, కింద చిన్న రేకు మీద పసుపులేటి నాగలింగం పేరు రాయించాడు. అక్కడివరకూ న్యాయంగానే చేశాడు. నాగలింగం పాతికేళ్ళుగా ఊళ్ళో పెళ్ళిళ్ళకు వాయిస్తున్నాడు. ఆ ఏడాది కొండ మీద గుడిలో ఆస్థాన విద్వాంసుడి ఉద్యోగం ఖాళీ అయింది. ఏదైనా కళాసంస్థ పురస్కారం ఉంటేనే దరఖాస్తు తీసుకుంటామన్నారు. మరుసటి ఏడాదికి అతని వయసు దాటిపోతుంది. అంటే అతని బతుకు నాలాంటి అట్టముక్క మీద ఆధారపడిందన్నమాట. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సభకు హాలు ఇచ్చింది కాంట్రాక్టరు సాంబశివరావు. మొదలవడానికి అరగంట ముందు కొడుకు నిఖిల్‌ని వెంటబెట్టుకొచ్చి, "మావాడికేం లేదా?" అని మాత్రం అడిగాడు. చక్రధరరావు పురస్కారాల జాబితా తీసి చూశాడు. గాత్రం ఎమ్మార్వో గారి మరదలికి, వయొలిన్ డాక్టరు గారి మేనల్లుడికి ఖాయమైపోయాయి. వాళ్ళను కదిపే దమ్ము ఆయనకు లేదు. మిగిలింది నేను.

"ఇది నాదస్వరానికి కదండీ? అబ్బాయి వాయించేది కీబోర్డు," అని కమిటీ సభ్యుడొకాయన నసిగాడు.

"కీబోర్డులో నాదస్వరం మీట ఉందిగా! నొక్కితే అచ్చం అట్లాగే మోగుద్ది. ఇంకేం కావాలయ్యా నీకు?" అని చక్రధరరావు కసిరాడు.

కమిటీ అంతా సరేనంది. ఇవీ వీళ్ళ చెవులు! పాత రేకు మీదే నిఖిల్ పేరున్న కొత్త రేకు అంటించారు.

నాగలింగం అప్పుడు గేటు దగ్గర ఉన్నాడు. పురస్కారం కోసం పట్టుపంచె కట్టుకొచ్చిన మనిషిని ముఖ్య అతిథికి స్వాగతమేళం వాయించమని నిలబెట్టారు. అతను వాయిస్తున్నంతసేపూ చక్రధరరావు మైకులో మాట్లాడుతూనే ఉన్నాడు. తర్వాత నాదస్వర విద్వాంసుడంటూ నా మీది బిరుదు చదవగానే మూడో వరసలో నాగలింగం భార్య రత్తమ్మ లేచి నిలబడింది. నిఖిల్ పేరు విని, చెంగు సర్దుకుంటున్నట్టు నటిస్తూ కూర్చుంది.

సభ అయ్యాక నాగలింగం వెళ్ళి తన పురస్కారం సంగతి చక్రధరరావును అడిగాడు.

"వచ్చే ఏడు చూద్దాంలేవయ్యా."

"వచ్చే ఏటికి నా వయసు దాటిపోద్దండీ."

"పురస్కారం కళకిస్తాం గానీ వయసుకిస్తామా నాగలింగం?" అన్నాడు చక్రధరరావు. అక్కడున్నవాళ్ళు ఆ మాటకు మెచ్చుకోలుగా తలలూపారు. నాకు నోరుంటే ఉమ్మేసేదాన్ని.

తర్వాత సాంబశివరావు ఇంటి షోకేసులో, ఆగిపోయిన గడియారం పక్కన రెండేళ్ళున్నాను. కీబోర్డు అటకెక్కింది. గుడి ఉద్యోగం వేరెవరికో పోయింది. ఇంట్లో నిఖిల్ చెల్లెలి నిశ్చితార్థం వచ్చింది. కీబోర్డుతో సరిపెట్టుకోవచ్చని అప్పుడు మాత్రం ఎవరికీ తోచలేదు. నాగలింగం మేళాన్నే పిలిచారు.

మంచినీళ్ళకని లోపలికొచ్చిన డోలు వాయించే వెంకటేశు నా ముందు ఆగాడు. వేసవి వేడికి పైరేకు సగం ఊడి వేలాడుతోంది.

"అన్నా, ఇట్రా! కింద నీ పేరే ఉంది. పీకి అందరికీ చూపిస్తా."

నాగలింగం దగ్గరకొచ్చాడు. తన పేరు చదువుకున్నాడు. నేను ఎదురుచూశాను, ఒక్కసారి నన్ను చేతిలోకి తీసుకుంటే చాలనుకున్నాను. అతను వెంకటేశు చెయ్యి పక్కకు తీసి, నిఖిల్ రేకును బొటనవేలితో నొక్కాడు, నాలుగు మూలలా.

"ఉండనీరా. నా పేరు ఇక్కడ దొరికిందంటే నాకే నామోషీ," అన్నాడు.

బయటికెళ్ళి కల్యాణి రాగం ఎత్తుకున్నాడు. ఈసారి మైకులో ఎవరూ మాట్లాడలేదు. సంగీతం పేరుతో పుట్టిన నేను సంగీతం పూర్తిగా విన్నది ఆ పూటే.

ఆ తర్వాత ఎన్ని వేసవులొచ్చినా ఆ రేకు ఊడలేదు. అంత గట్టిగా నొక్కాడు.