ఆరో బస్తా

నేను ఒక గోనె సంచిని. విజయనగరం వైపు జనపనార మిల్లులో నన్ను నేశారు. మొదట బియ్యం మోశాను, తర్వాత ఉల్లిగడ్డలు. జహీరాబాద్ దగ్గరి పల్లెలో సంగవ్వ చేతికి వచ్చేసరికి నా మీది నీలి ముద్ర సగం చెరిగిపోయింది. ఆమె నన్ను దులిపి, చిరిగిన మూలను పురికొసతో కుట్టి, యవలు నింపింది.

యవలంటే బార్లీ. ఆ ఊళ్లో అంతకుముందు ఎవరూ వేయలేదు. హైదరాబాద్‌లో సొంతంగా బీరు కాచి అమ్మే తరుణ్ విత్తనం ఇచ్చి, నూటికి తొంభై అయిదు గింజలు మొలిస్తేనే కొంటానన్నాడు. బీరుకు గింజ ముందు మొలకెత్తాలట. మొలక పొట్టు దాటకముందే వేడిగాలికి ఎండబెట్టి ఆపేయాలట. చంపడానికే అయినా బతికున్నదే కావాలి. మనుషుల పద్ధతి అది.

సంగవ్వ మొగుడు మొగులప్ప శనగ వేద్దామన్నాడు. ఆమె వినకుండా అరెకరంలో యవలు వేసింది. శివరాత్రికి కోసి నూర్చితే ఆరు బస్తాలయ్యాయి. ఆరోది నేను.

వారానికి తరుణ్ వచ్చాడు. నూరు గింజలు తడిగుడ్డలో చుట్టిపెట్టి వెళ్లి, నాలుగో రోజు వచ్చి విప్పాడు. నలభై ఒకటే మొలిచాయి.

“గింజ చచ్చిపోయిందమ్మా. నేను తీసుకోలేను.”

“శెనగ ఎయ్యమంటి. ఇన్నదా?” అన్నాడు మొగులప్ప, గోడకు చెప్పినట్టు. “ఇగ బర్లకు పెట్టు. అవన్న తిని ఊగుతయి.”

సంగవ్వ అతని వైపు చూడలేదు. “సచ్చినది గాదు సారూ, పండుకున్నది. కొత్త వడ్లు గూడ గట్లనే పండుకుంటయి. ఉగాది దాకా ఆగుండ్రి.”

తరుణ్ అంతగా నమ్మలేదు గానీ, ఆగుతానన్నాడు.

సంగవ్వ పుట్టింటివాళ్లు మంజీర ఒడ్డున వరి పండిస్తారు. వడ్లు నానబెట్టి, గోనెలో కట్టి, గడ్డి కప్పి, పైన బరువు పెట్టి మొలకల కోసం మండె కట్టడం ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఉగాదికి అయిదు రోజుల ముందు యవలకూ అలాగే మండె కట్టింది. పరీక్షకు గుప్పెడు చాలు. ఆమె మాత్రం, సారు కళ్లారా చూడాలని, నన్ను నిండు బస్తాగానే తొట్టిలో ముంచింది. మొగులప్ప గొణుక్కుంటూనే ఒక పక్క పట్టాడు. రెండో రోజుకు నా లోపల వేడి పుట్టింది. గింజలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. నా పోగుల సందుల్లోంచి తెల్లటి వేళ్లు బయటికొచ్చాయి.

ఉగాది నాడు తరుణ్ వచ్చి నన్ను విప్పి తల పట్టుకున్నాడు. “ఇంత పొడుగు మొలకలా! బీరుకు కావాల్సిన తీపంతా మొలకలే తినేశాయమ్మా. ఈ బస్తా ఇక దేనికీ పనికిరాదు.”

“పోతే పోనియ్యుండ్రి. సచ్చినదా, బతికున్నదా? గది చెప్పుండ్రి.”

అతను వంగి, నూరు గింజలు ఏరి చూశాడు. తొంభై ఏడు మొలిచాయి. మిగతా అయిదు బస్తాలు బండికెక్కించాడు. తాడు బిగించాక అన్నాడు: “వచ్చే ఏడు రెండెకరాలకు విత్తనం తెస్తాను. మొలకెత్తించే పని మాత్రం మాకు వదిలెయ్యండమ్మా.”

నాలోని మొలకలు బర్రెలకే పోయాయి. అవి ఊగలేదు. తడికి నా పోగులు కుళ్లాయి. ఇప్పుడు సంగవ్వ గడప ముందు కాళ్లు తుడుచుకునే పట్టాగా పడి ఉన్నాను. యవల సంగతి అడగడానికి చుట్టుపక్కల ఊళ్ల రైతులు వస్తుంటారు. మొగులప్ప నా మీద నిలబడే వాళ్లకు చెబుతాడు:

“నేను అప్పుడే చెప్పిన, గింజ పండుకున్నదని.”

లోపలి నుంచి సంగవ్వ, “కాళ్లు మంచిగ తుడుసుకొని రా” అంటుంది.