సున్నం మేస్త్రి పసుపు రాయి

మా నాన్నని వీధిలో అందరూ సున్నం మేస్త్రి అంటారు. ఆయన జన్మలో సున్నం ముట్టుకోలేదు. వజ్రాలకి సానపడతాడు. కాస్త పసుపు జీర ఉన్న వజ్రం ఆయన చేతిలో పడితే, బయటికొచ్చేసరికి తెల్లగా కనిపిస్తుంది. రాయికి వెల్ల వేస్తాడని వెక్కిరింతగా ఆ పేరు పెట్టారు గానీ, నాన్న దాన్ని బిరుదు కిందే లెక్కేసుకున్నాడు. ఎవరైనా కొత్తవాళ్ళు సంకోచిస్తూ "మేస్త్రిగారూ" అని ఆగిపోతే, "సున్నం మేస్త్రి అనండి, పర్లేదు" అని ఆయనే అందిస్తాడు.

ఇందులో మాయా లేదు, మర్మమూ లేదు. వజ్రం భూమి లోపల పుట్టేటప్పుడు చిటికెడు నత్రజని దూరితే ఆ రాయికి పసుపు వస్తుంది. దాన్ని సానతో ఎవరూ తీయలేరు. కానీ రాయిలోకి వెళ్ళిన వెలుగు అక్కడ తచ్చాడకుండా వెంటనే బయటికి వచ్చేసేలా అడుగున నున్నటి ముఖాలు, మా భాషలో పలకలు, కోస్తే, ఆ రంగు కంటికి అందదు. అదే వెలుగుని లోపల తిప్పి తిప్పి ఆలస్యంగా పంపితే రంగు చిక్కబడుతుంది. నాన్న బతుకంతా వెలుగుని తొందరగా సాగనంపడంలోనే గడిచింది. కొంతమంది రాయి అంచున ఊదా సిరా చుక్క పెట్టి పసుపుని కప్పిపుచ్చుతారు. వాళ్ళ మాటెత్తితే నాన్నకి ఒళ్ళు మండుతుంది. "వాళ్ళది మోసం, నాది పనితనం" అంటాడు. కొనేవాడికి కనిపించేది రెండిట్లోనూ ఒకటే కదా నాన్నా అని ఒకసారి అన్నాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

పసుపంటే ఈ ఏవగింపు ఆయన సొంతం కూడా కాదు, తాతల నాటిది. ఒకప్పుడు పసుపు వజ్రం దొరకడమే అపురూపం, రాజులూ రాణులూ ధరించేవాళ్ళు. మా ముత్తాత కాలంలో సముద్రాల అవతల ఎక్కడో కొత్త గనులు తెరిచారు. పసుపు రాళ్ళు తట్టలకొద్దీ వచ్చిపడ్డాయి. తట్టలో వచ్చినదానికి మర్యాదేముంటుంది? రాణిగారి మెడలో ఉన్న రంగే వ్యాపారుల నోట్లో తిట్టయింది. తర్వాత రాళ్ళ తెలుపుకి ఇంగ్లీషు అక్షరాలతో మార్కులు వేయడం మొదలుపెట్టారు. ఎందుకోగానీ వరస డీతో మొదలెట్టారు, డీ అంటే క్లాసులో ఫస్టు. అక్షరాలు కిందికి దిగేకొద్దీ పసుపు పెరుగుతుంది, ధర పడిపోతుంది. జెడ్ దాకా వస్తే ఆ పిల్లాడు ఇక పాసవడు. నాన్న అలాంటి పిల్లల్ని గట్టెక్కించే ట్యూషన్ మాస్టారు.

అయితే ఆ వరసకి చివర్లో ఒక తమాషా ఉంది. రాయి జెడ్‌ని కూడా దాటేసి ఇంకా పసుపుగా ఉంటే, దాన్ని వరసలోంచి తీసి వేరే కుర్చీలో కూర్చోబెడతారు. దాన్ని ఫ్యాన్సీ అంటారు. అక్కడ ఎంత పసుపైతే అంత ధర. కొంచెం చెడితే చీత్కారం, పూర్తిగా చెడితే సన్మానం. మనుషుల్లో ఈ పద్ధతి రోజూ చూస్తున్నాను కనక నాకు పెద్ద ఆశ్చర్యం వేయలేదు. నాన్నకి మాత్రం లోకం తలకిందులైనట్టే ఉండేది.

నాన్న సానచక్రం ఒక నగల దుకాణం వెనక గదిలో ఉంటుంది. దుకాణం యజమానిని మేమంతా షావుకారు అంటాం. ఒకప్పుడు ఆయన పసుపు జీర రాయిని చూపించేటప్పుడు దీపానికి చెయ్యి అడ్డం పెట్టి, "కొంచెం వెచ్చటి తెలుపండీ" అని గొణిగేవాడు. ఇప్పుడు అదే చేత్తో దీపాన్ని దగ్గరికి లాగి, "ఎండని ముద్దచేసి పెట్టారమ్మా! తెల్లవి నలుగురి దగ్గరా ఉంటాయి, ఇది మీ ఒక్కరికే" అంటున్నాడు. ఫ్యాషన్ మారింది, ఆయన నాలుక దానితోపాటు మారింది. అందులో ఆయన్ని తప్పుపట్టను, అది ఆయన వృత్తి.

నేను అదే దుకాణంలో ముందు గదిలో నగలు అమ్ముతాను. మొదట్లో నాన్న పక్కన కూర్చుని సాన నేర్చుకున్నాను. కొన్నాళ్ళకే లేపేశాడు. నేను కోసిన ప్రతి రాయీ దాని అసలు రంగుకంటే పసుపుగా వచ్చేది. "నీ చెయ్యి మంచిది కాదే తల్లీ. నువ్వు ముందు గదిలో కూర్చుని నవ్వుతూ అమ్ము, రాళ్ళు బతికిపోతాయి" అన్నాడు. నేను నవ్వుతూనే అమ్ముతున్నాను. కానీ ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

ఒక రోజు షావుకారు వడ్రంగిని వెంటబెట్టుకుని వెనక గదిలోకి వచ్చి గోడలు కొలిపించాడు.

"మేస్త్రిగారూ, యంత్రాలొచ్చాక ఇంకా ఈ చక్రమెందుకు చెప్పండి? ఇక్కడో సోఫా వేయిస్తే పెద్ద కస్టమర్లు కాసేపు కూర్చుంటారు" అన్నాడు.

నాన్న భూతద్దం తుడుస్తూ ఉండిపోయాడు. అప్పటికే తుడిచిన అద్దాన్నే మళ్ళీ మళ్ళీ తుడిచాడు. ఆ చక్రం లేకపోతే నాన్న ఏమవుతాడో మాకు తెలుసు. సెలవు రోజున కూడా స్టీలు గ్లాసు తీసుకుని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూస్తుంటాడు. "ఈయన్ని ఇంట్లో కూర్చోబెడితే నా గిన్నెలన్నిటికీ పలకలు కోసిపెడతారు, ఆనక దిగులుతో మంచం పడతారు. ఏదో ఒకటి చెయ్యవే" అంది అమ్మ. నవ్వుతూనే అంది గానీ కళ్ళలో భయం ఉంది.

అందుకని నేనే షావుకారుతో బేరం పెట్టాను. ఆయన దగ్గర ఒక ముడి రాయి ఉంది. మంచి పసుపు. లోపల బిగువు ఉందనీ, యంత్రం మీద పెడితే పగులుతుందనీ యంత్రాలతో రాళ్ళు కోసే ఫ్యాక్టరీవాళ్ళు వెనక్కి పంపేశారు.

"దాన్ని మా నాన్న కోస్తాడు. ఫ్యాన్సీ అని రంగు తేల్చే ల్యాబు నుంచి చీటీ వస్తే ఈ గది మాకు వదిలెయ్యాలి. ఫ్యాక్టరీ వద్దన్న పసుపు రాళ్ళన్నీ మాకే ఇవ్వాలి."

"రాకపోతే?"

"సోఫా వేసుకోండి."

ముడి రాయిని చూడగానే నాన్న మొహం చిట్లించాడు. "అబ్బ, ఎంత పసుపే దీనికి! పాపం" అన్నాడు.

"పాపం కాదు నాన్నా, ఈసారి అదే కావాలి. దాచకు. చూపించు."

"మచ్చ చూపించి పెళ్ళి కుదర్చమంటావు."

"అవును. ఈ పెళ్ళికొడుక్కి మచ్చే కావాలట."

మూలలు తెగ్గొట్టిన చదరపు ఆకారం బొమ్మ ఒకటి తెచ్చి ఇచ్చాను. అడుగున చిన్న చిన్న పలకలు బోలెడుంటాయి, వెలుగు వాటి మధ్య చిక్కుకుని తిరుగుతుంది. నాన్న దాన్ని ఎదురుగా గోడకి అంటించుకుని పని మొదలుపెట్టాడు. నేను ముందు గదిలోంచి వీలున్నప్పుడల్లా వెళ్ళి తొంగిచూసేదాన్ని. చదరం చదరంగానే వస్తోంది. మూలలు బొమ్మలో ఉన్నట్టే తెగాయి. సాన మీద ఉన్నంతకాలం రాయికి నూనె, నల్లటి మసి పట్టి ఉంటాయి కనక రంగు తెలీదు. ఆమ్లంలో ఉడికించి కడిగాకే అసలు సంగతి బయటపడుతుంది.

కడిగిన రోజు నాన్న దుకాణంలో అందరినీ పిలిచాడు. తెల్ల కాగితం మీద రాయి పెట్టి, "చూడవే!" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. చూశాను. మంచినీళ్ళలా ఉంది. పై ఆకారం బొమ్మలోది. అడుగున పలకలన్నీ ఆయన పాత పద్ధతివి.

"నాన్నా, పసుపేది?"

"ఎక్కడుంది, చూపించు చూద్దాం!" అన్నాడు గర్వంగా. ఆ తర్వాత నా మొహం చూశాడు. ఆయన మొహంలో వెలుగు మెల్లగా పోయింది. కాగితం మీది రాయినీ గోడ మీది బొమ్మనీ మార్చి మార్చి చూశాడు. "బొమ్మ చూస్తూనే కోశానే. చెయ్యి దాని దారిన అది పోయింది" అన్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఆయనది పుట్టుకతో వచ్చింది కూడా కాదు, నానా తంటాలూ పడి సంపాదించుకున్నది.

ల్యాబు చీటీ వచ్చింది. మా కంటికి అందని పసుపు ల్యాబు దీపం కింద కాస్త బయటపడింది, రాయి జెడ్‌కి సరిగ్గా ఇవతలి గడపలో ఆగింది. తెల్లవాటి పక్కన పెడితే పసుపు, పసుపువాటి పక్కన పెడితే తెలుపు. రెంటికీ చెడ్డ రేవడి. రాయిని పరీక్షించినావిడ షావుకారుకి ఫోన్ కూడా చేసింది. "ఇంత పసుపుని ఇంతలా అణిచేసిన కోత నా సర్వీసులో చూడలేదండీ. కోసినాయనకి నా నమస్కారాలు చెప్పండి. మీకు నా సానుభూతి" అందట.

"నమస్కారాలు కిలో ఎంతకి పోతాయి?" అని షావుకారు వడ్రంగికి కబురు పెట్టాడు.

నేను ఆయన టేబుల్ ముందు నిలబడి బతిమాలాను. రాయి కాస్త తరిగినా సరే, ఇంకోసారి కోస్తే రంగు తేలుతుందని చెప్పాను.

"మళ్ళీ ఆయనే కోస్తారా? ఈసారి మంచుగడ్డ చేసి ఇస్తారు" అన్నాడు షావుకారు.

"నేను కాదండీ. మా అమ్మాయి" అని వెనక నుంచి వినిపించింది. నాన్న గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "నా చేతికిక అది రాదు. రాయిని పసుపు చెయ్యడంలో దీన్ని మించినవాళ్ళని నేను చూడలేదు. కూర్చోబెట్టి నేర్పాను, ఏది వద్దన్నానో అదే చేసింది."

ఇన్నేళ్ళకి నాన్న నలుగురి ముందు నా పనితనం మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు మింగలేక కక్కలేక నిలబడ్డాను. షావుకారుకి ఎటూ ఆ రాయి అమ్ముడుపోదు. సరే కానివ్వమన్నాడు.

నాకు ఇచ్చేముందు నాన్న ఆ మధ్యాహ్నమంతా రాయిని తన దగ్గర ఉంచుకున్నాడు. కిటికీ దగ్గర కాగితం మీద పెట్టి తిప్పుతూ కూర్చున్నాడు. ఫోటో తీసి ఉంచుకుందాం నాన్నా అంటే, "ఫోటోలో ఏం తెలుస్తుందే" అన్నాడు. రాయిని ఇంకోసారి తిప్పి, "ఇంత బాగా నేనెప్పుడూ కొయ్యలేదు" అన్నాడు. నాకు చెప్పినట్టు లేదు. వద్దు నాన్నా, సోఫా వేసుకోనీ అందామనుకున్నాను. ఈలోగా ఆయనే రాయిని తలకిందులుగా పిడిలో బిగించి, తన పీట మీంచి లేచి, నన్ను కూర్చోమన్నాడు.

కూర్చున్నాను. లోపలి బిగువు ఎక్కడ తెగుతుందోనని ఒక భయం, వెనక నిలబడ్డ మనిషి ఏమవుతాడోనని ఇంకో భయం. మొదటి పలక మొదలుపెట్టగానే ఆయన ఆగలేకపోయాడు.

"అలా కాదే! వెలుగు లోపలే ఉండిపోతుంది!"

చెయ్యి తీయబోయి ఆగాను. లోపలే ఉండిపోవాలి. అదే కావాలి. ఆ పలకని అలాగే పూర్తిచేశాను. ఆ తర్వాత ఇద్దరికీ ఒక పద్ధతి కుదిరింది. నాన్న కేకేస్తే ముందుకి పోయేదాన్ని. ఊరుకున్నాడంటే ఎక్కడో తెల్లబడుతోందని అర్థం, చెయ్యి ఆపి కోణం మార్చేదాన్ని. "అయ్యో, ఖూనీ చేస్తున్నావే!" అన్నచోట రంగు అన్నిటికంటే బాగా వచ్చింది. ఆయనకి కూడా ఈ సంగతి తెలుసు. తెలిసే కేకలేశాడు. కొన్ని కేకలు మాత్రం నిజమైనవి, వాటికి గొంతు జీరపోయేది.

కడిగి చూస్తే రాయి నిండా ఎండ. ఎండని ముద్దచేసి పెట్టారని షావుకారు అనే మాటలో ఈసారి మాత్రం అబద్ధం లేదు. ఫ్యాన్సీ అనీ, అందులోనూ చిక్కటి రంగనీ చీటీ వచ్చింది.

షావుకారు వడ్రంగిని వెనక్కి పంపేశాడు. గదిలోకి వచ్చి నాకు చెయ్యెత్తి దండం పెట్టాడు. "ఈ గది ఇక అమ్మాయిగారిది. పసుపు రాళ్ళన్నీ అమ్మాయిగారికే. మేస్త్రిగారు చాలా కష్టపడ్డారు, ఇక హాయిగా ఇంట్లో విశ్రాంతి తీసుకోవచ్చు" అన్నాడు.

నాన్న చక్రం నిలబెట్టాలని బేరం పెట్టింది నేను. చక్రం నిలబడింది. దాని ముందు నాన్న లేడు, నేనున్నాను. ఒళ్ళు మండిపోయింది.

"ఆయన ఇక్కడ లేకపోతే నేను ఒక్క పలక కూడా కొయ్యను. నేను చేసేది తప్పని చెప్పే మనిషి పక్కన లేకపోతే నాకు పని సాగదు" అన్నాను. షావుకారుకి అర్థం కాలేదు గానీ, ఒక కుర్చీ వేస్తే పోయేదేముందని వేయించాడు.

సాయంత్రం అందరూ వెళ్ళాక చక్రం తుడవడానికి గుడ్డ తీశాను. నూనెలో నానిన నల్లటి పొడి దళసరిగా పేరుకుని ఉంది. తుడిచి గుడ్డ బుట్టలో వేయబోతుంటే నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"పారెయ్యకే. వజ్రాన్ని కోసేది వజ్రం పొడే కదా. తర్వాతి రాయికి పనికొస్తుంది."

ఒక డబ్బా మూత తీసుకుని, గుడ్డ మీంచీ చక్రం మీంచీ ఆ మసిని గోటితో గీరి అందులోకి తీశాడు. ఒక్క చుక్క కూడా వదల్లేదు. ఆయన జన్మలో కోసిన అన్నిటికంటే గొప్ప కోత ఆ మూతలో మసై ఉంది. అరగదీసింది నేను. మూతని జాగ్రత్తగా నా వైపు జరిపాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడవకే. చూపు మసకబడితే కోత తప్పుతుంది" అన్నాడు. నా తల మీద చెయ్యి వేశాడు.

"తప్పనీలే. నీకు అదే అచ్చొచ్చింది."