ముల్లు మూడుసార్లు తిరిగిన చోటు

నేను ఒక నల్ల పళ్లాన్ని. అన్నం వడ్డించుకోడానికి పనికిరాను, చూడ్డానికి సొగసూ లేదు. మధ్యలో ఒక బెజ్జం, దాని చుట్టూ ఎర్ర కాగితం, ఆ కాగితం మీద ఒక చెక్ దేశపు స్వరకర్త పేరు. ఆ పేరు పలకబోయిన తెలుగువాళ్లందరికీ నాలుక మడతపడింది కాబట్టి నేనూ చెప్పను. ఆయన రాసిన వయొలిన్ కన్సర్టోలు రెండు నాలో ఉన్నాయి, ఒక్కో వైపు ఒక్కోటి. కన్సర్టో అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఒక్క వయొలిన్ ముందుండి కథ చెబుతుంటే వెనకాల ఊరంత వాద్యబృందం ఊఁ కొడుతుంది. నన్ను రికార్డు అనేవారు. ఇప్పుడేమంటారో చివర్లో చెబుతాను.

పుట్టింది ప్రాగ్ నగరంలో. కాగుతున్న నల్లముద్దని రెండు అచ్చుల మధ్య పెట్టి నొక్కితే నేనయ్యాను. అంత నొక్కుడు భరించాక లోకంలో ఇక నన్నేదీ ఏమీ చెయ్యలేదనుకున్నాను. వెర్రిదాన్ని!

హైదరాబాదు పక్కన రామచంద్రాపురంలో కర్మాగారం కడుతున్న రోజుల్లో ఒక చెక్ ఇంజనీరు నన్ను పెట్టెలో పెట్టుకుని వచ్చాడు. అక్కడ దసరాకి పాటకచేరీ పెట్టారు. పక్కవాద్యానికి విజయనగరం నుంచి పతివాడ గౌరునాయుడు వచ్చాడు. నేల మీద చతికిలబడి, వయొలిన్ తల పాదానికి ఆనించి ఆయన వాయిస్తుంటే ఇంజనీరు నోరు వెళ్లబెట్టాడు. కచేరీ అయ్యాక నన్ను రెండు చేతులా పట్టుకొచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. మనుషులంతే, అర్థం కానప్పుడే బాగా ఏడుస్తారు.

తిరుగు రైల్లో, ట్రంకుపెట్టెలో, అట్టలోంచి జారి తాళంచెవుల గుత్తి మీద పడ్డాను. రెండోవైపు నెమ్మదిగా నడిచే భాగం మీద ఒక గీత పడింది. వెంట్రుకంత గీత.

గౌరునాయుడు పాత సామాన్ల కొట్లో ఒక రికార్డు ప్లేయరు సంపాదించాడు. దాని ముల్లు అరిగిపోయిన ముసలి ముల్లు. గీత దగ్గరికి రాగానే వెనక్కి జారేది. అదే ముక్క మళ్లీ, ఇంకోసారి మళ్లీ. మూడోసారి పూర్తవగానే తనంతట తానే ముందుకు దూకేది. ఇంకెవరైనా అయితే రికార్డు పాడైందని విసుక్కునేవారు. ఈయన ఎగిరి గంతేశాడు. మన సంగీతంలో ఒక ముక్కని మూడుసార్లు అని ముగిస్తే తీర్మానం అంటారు కదా!

"చూసేవేటే పైడీ! ఆళ్లకీ తీర్మానం ఉందే! మూడుమాట్లు అనీసి ఒగ్గీసేడు!"

పైడికుమారి ఆయన ఒక్కగానొక్క కూతురు. తల్లి లేదు. తాళం వేసి చూస్తే అరమాత్ర మిగిలిపోతోందని ఆ పిల్లే అంది.

"అది చలిదేశం కదమ్మా, ఆళ్ల తాళం కొంచెం బిగుసుకుపోయుంటాది," అన్నాడు ఆయన. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అరుద్దామంటే నాకు నోరేదీ? ముల్లు పెడితేనే కదా మాట!

అలా నన్నే గురువుగా పెట్టుకుని, పాఠం అక్షరం పొల్లుపోకుండా ఆ పిల్లకి దింపాడు. గురువు పాఠం మార్చడం వాళ్లింట మహాపాపం. తనకెలాగూ పక్కవాద్యంతోనే తెల్లారింది, కూతురైనా ముందు కూర్చోవాలని ఆయన ఆశ. మద్రాసులో పాశ్చాత్య సంగీతం నేర్పే కళాశాల ఒకటుంది. అందులో సీటు వస్తే వసతి ఉచితం. దానికోసం ఏళ్ల తరబడి సాధకం చేయించాడు. పిల్ల వేళ్లు కాయలు కాశాయి.

పరీక్షకి నన్నూ సంచిలో పెట్టుకెళ్లారు. పైడికుమారి చాప అడిగి పరిపించుకుని కూర్చుని వాయించింది. ఎంత బాగా వాయించిందనుకున్నారు! నన్ను అచ్చొత్తినవాళ్లు వినుంటే నన్ను విరిచి పారేసేవారు. ఆ చోటు వచ్చింది. ఒకటి, రెండు, మూడు. తలుపు పక్క స్టూలు మీద గౌరునాయుడు కండువా సర్దుకుని, వేళ్లు మడుస్తూ మురిసిపోతున్నాడు.

పరీక్ష పెట్టే పెద్దావిడ ఆపమంది. రాసింది ఒక్కసారే కదా, మూడుసార్లు ఎందుకు వాయించావని ఇంగ్లీషులో అడిగింది. గౌరునాయుడికి ఇంగ్లీషు రాదు. పిల్లకి వచ్చు. అది తీర్మానం కాదు, గీత మహిమేనని ఆ పిల్లకి అప్పుడు తెలిసింది. సంచి వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. రికార్డు మీద గీత ఉందమ్మా, మాకు తెలీలేదు అంటే సరిపోయేది. వాళ్లు నవ్వేవారు, నవ్వి సీటిచ్చేవారు. కానీ ఆ నవ్వు ఎవరి మీద పడుతుందో దానికి తెలుసు.

"నాకే అలా వాయించాలనిపించింది," అంది ఇంగ్లీషులో.

రాసినదాన్ని దిద్దేవాళ్లు మాకు పనికిరారని పెద్దావిడ మర్యాదగానే చెప్పింది.

బయటికొచ్చాక గౌరునాయుడు సీటు మాట కూడా ఎత్తలేదు. "తీర్మానం కాడ ఏటన్నారమ్మా?"

"చాలా బాగుందన్నారు నాన్నా. సీట్లే అయిపోయాయంట."

ఆ మాట పట్టుకుని ఆయన విజయనగరమంతా చెప్పుకు తిరిగాడు. పైడికుమారి టెలిఫోను ఆఫీసులో ఉద్యోగానికి చేరింది. వయొలిన్ మళ్లీ ముట్టుకోలేదు. అడిగినవాళ్లకి తీరిక లేదనేది.

ఏళ్లు గడిచాయి. గౌరునాయుడికి పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది. ఇక వాయించేదేముంది, వినడమే. ఆ వినడానికైనా ముసలి ముల్లు గరగరమంటోందని పైడికుమారి విశాఖపట్నం వెళ్లి కొత్త ముల్లు తెచ్చింది. తండ్రికి సుఖంగా వినబడాలని, అంతే పాపం. గీత దగ్గర వెనక్కి జారేది ముసలి ముల్లు మాత్రమేనని ఆ పిల్లకేం తెలుసు?

కొత్త ముల్లు పదునుగా నాలోకి దిగింది. గీత దగ్గర చిన్నగా టిక్కుమంది. ముక్క ఒక్కసారే పలికి పాట ముందుకు వెళ్లిపోయింది.

ఆయన పడిపోని చెయ్యి మంచం పట్టె మీద రెండోసారికి లేచి గాల్లోనే ఉండిపోయింది.

"మళ్లీ పెట్టమ్మా."

పెట్టింది. ఒక్కసారే. కొత్త ముల్లు వైపు చూశాడు, నా వైపు చూశాడు, చాలాసేపు కూతురి వైపు చూశాడు.

"మద్రాసులో... నీకు తెలుసేటే?"

"సీట్లు లేవు నాన్నా, నిజంగా," అంది పైడికుమారి. అంటూనే ఏడ్చేసింది. ఆ ఏడుపుతో అంతా చెప్పేసినట్టే అయింది.

"ఆపీయమ్మా," అన్నాడు ఆయన.

తర్వాత నన్ను పెట్టమని ఎప్పుడూ అడగలేదు. కూతురు మంచినీళ్లిచ్చినా మొహం గోడవైపు తిప్పుకునే తాగేవాడు. కోపమనుకునేరు, సిగ్గు. ఆ సిగ్గుతోనే పోయాడు. నువ్వేం తప్పు చేశావు నాన్నా అని చెప్పడానికి ఆ పిల్లకి ధైర్యం చాలలేదు. క్షమించమనడానికి ఆయనకి నోరు రాలేదు. వాళ్లమధ్య నేనున్నాను, ముల్లు లేకుండా.

పెద్దకర్మ అయ్యాక పైడికుమారి ప్లేయరునీ నన్నూ తీసుకెళ్లి పాత ఇనుప కొట్లో ఇచ్చేసింది. ఇచ్చేముందు ఆ గీతని వేలితో ఒకసారి తడిమింది.

ఎండకి అప్పడంలా వంకర తిరిగాను. ఇక ఏ ముల్లూ నా మీద నిలవదు. ఇక్కడ నన్ను ప్లాస్టిక్కు అంటారు. మూడుసార్లు విని మురిసిన మనిషి పోయాడు. ఆ పాట మళ్లీ వినాలని ఆ పిల్ల ఇటువైపు రాదు.