ఊచల మంచం పిల్లలు

యాష్ నగరంలో ట్రాము నడిపే వెతూరియా, బేకరీలో పనిచేసే ఇలారీ ఒకే అనాథాశ్రమంలో, పక్కపక్క ఊచల మంచాల్లో ఆరేళ్లదాకా పెరిగారు. రక్తసంబంధం లేదు గానీ, తిట్టుకోవడంలో తోబుట్టువులను మించిపోయారు. నలభై దాటాక ఇద్దరూ కలిసి మెదడు స్కాన్‌కి వెళ్లారు.

"చిన్నప్పుడు ఆలనాపాలనా లేని పిల్లల మెదడు నిర్మాణంలో తేడా వస్తుందేమోనని చూస్తున్నాం" అంది డాక్టర్ స్మరాండా.

"మా బుర్రలో ఏం తక్కువో తెలియాలంతేనా? మా ఆవిడనడిగితే యంత్రం లేకుండానే చెప్పేది" అన్నాడు ఇలారీ.

ముందు వెతూరియా వెళ్లింది. నలభై నిమిషాలు వేలు కూడా కదపలేదు. మధ్యలో యంత్రం నడిపే కుర్రాడు కంగారుపడి, "అమ్మా, బాగానే ఉన్నారా?" అని మైకులో అడిగాడు.

"చచ్చాననుకున్నావా? కానియ్!"

బయటికి రాగానే డాక్టర్, "ఇంత కదలకుండా పడుకున్న మనిషిని ఇంతవరకూ చూడలేదండీ" అని మెచ్చుకుంది.

"ఆరేళ్ల అనుభవం డాక్టరమ్మా. ఏడ్చినా ఎవరూ రారని తెలిశాక కదలడం దేనికి?"

నవ్వించాలనే అంది. ఎవరూ నవ్వలేదు. వెతూరియాకి తన మీద తనకే విసుగొచ్చింది.

ఇలారీ రెండు నిమిషాలు కూడా ఉండలేదు. చేతిలోని గంట నొక్కి, వెనక ముడి ఊడిన ఆసుపత్రి గౌనులో, పిర్రలు బయటపెట్టుకుని వచ్చేశాడు.

"రొట్టెలు పొయ్యిలో పెట్టేవాణ్ణి. నన్నే పెడతారా? నా వల్ల కాదు!"

నవ్వుతున్నాడు గానీ మణికట్లు రుద్దుకుంటున్నాడు. వెతూరియాకి కారణం తెలుసు. తను నోరు మూసుకుని పడుకునే పిల్ల. వాడు ఊచలు పట్టుకుని ఊపేవాడు. ఆయాలు దుప్పటి చింపి వాడి చేతులు మంచానికి కట్టేసేవాళ్లు. ఆ సంగతి ఆమె డాక్టరుకి చెప్పలేదు. అది వాడి సంగతి.

"నేను లోపల ఉండొచ్చా?" అని మాత్రం అడిగింది.

చెవిపోగులు, గడియారం తీయించి రానిచ్చారు. వెతూరియా యంత్రం చివర నిలబడి ఇలారీ పాదం పట్టుకుంది.

"ఒరేయ్, కాళ్లు కడుక్కునే వచ్చావా?"

"నవ్వించకే, బొమ్మ చెడిపోతుంది!"

యంత్రం డబడబా మోగడం మొదలైంది. ఆ పాదం మొదట రాయిలా బిగుసుకుంది. పావుగంటకి కాస్త వదులైంది. వెతూరియా నడుము పీకేస్తున్నా చెయ్యి తీయలేదు. చివరికి బొమ్మలు బాగానే వచ్చాయి.

మూడు నెలల తర్వాత డాక్టర్ పిలిచి చెప్పింది. "అలా పెరిగినవాళ్ల మెదడు సగటున కాస్త చిన్నగా ఉంటోంది. అంతమాత్రాన ఫలానా మనిషి ఇలాంటివాడని బొమ్మ చూసి చెప్పలేం."

"మా ఇద్దరిలో ఎవరిది పెద్దది?" అన్నాడు ఇలారీ.

"చెప్పకండి డాక్టరమ్మా. రేపట్నుంచి వీణ్ణి భరించలేం" అంది వెతూరియా.

డాక్టర్ పగలబడి నవ్వి, ఎవరి బొమ్మ వాళ్లకిచ్చింది.

వెతూరియా తన బొమ్మని ట్రాములో, తను కూర్చునే చోట అతికించుకుంది. తనిఖీకి వచ్చిన అధికారి దాన్ని చూసి, "ఏంటిది?" అని గద్దించాడు.

"నా బుర్ర. మొన్న నాకు లేదన్నారుగా సార్" అని గంట కొట్టి బండి కదిలించింది.