మురుగులో తట్టు

ఊరి మురుగునీళ్ళను కూర్చుని పరీక్ష చేసేవాళ్ళు కూడా ఉంటారంటే మనలో చాలామంది నమ్మరు. నమ్మినా ముక్కు మూసుకుంటారు. సీసాలమ్మ మాత్రం పదకొండేళ్ళుగా మూసుకోలేదు. ఏ మ్యాన్‌హోల్ నీళ్ళలో ఏ జబ్బు తాలూకు క్రిములున్నాయో చూడటం ల్యాబ్‌లో ఆవిడ పని. మనుషులు డాక్టరు గడప తొక్కకముందే వాళ్ళ మరుగుదొడ్లు ఆవిడకు కబురు చెప్పేస్తాయి. సీసాలకు ఆవిడ చేసే మర్యాదలు చూసి ఆ పేరు పెట్టారు లెండి. కట్టుకున్నవాడికి కూడా అంత మర్యాద జరగదని తోటివాళ్ళు నవ్వుకుంటారు.

ఆ మంగళవారం పొద్దున, పిల్లల ఆసుపత్రి మురుగులో తట్టు వైరస్ ఉన్నట్టు తేలింది.

ఆ ఆసుపత్రి రెండో అంతస్తులో, అద్దాల పెట్టెలో, సీసాలమ్మ చెల్లెలి కొడుకున్నాడు. నెలలు నిండకుండానే పుట్టాడు, ఇవాళ్టికి పన్నెండు రోజులు. టీకా వేయాలంటే ఇంకా ఎన్నో నెలలు ఆగాలి. గుప్పెడంత ప్రాణం, దానికి తట్టు సోకితే ఇంకేమైనా ఉందా!

ల్యాబ్ పెద్దసారు క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి ఫోన్ చేశాడు. అరగంటలో పసిపిల్లల వార్డు తలుపులు మూసేశారు. డాక్టర్లు, నర్సులు తప్ప ఎవరూ లోపలికి పోకూడదు, కన్నతల్లులైనా సరే.

చెల్లెలు ఫోన్లో భోరుమంది. "వాణ్ణి ముట్టుకోనివ్వట్లేదు అక్కా! తలుపు సందులోంచి కూడా చూడనివ్వట్లేదు!"

"రేపు మధ్యాహ్నానికల్లా తేలిపోతుందే, ఏడవకు," అంది సీసాలమ్మ, తను ఏడుస్తూ.

తేల్చాల్సింది జన్యువుల్ని చదివే మిషను. వైరస్ ఉందని చెప్పటం ఒక ఎత్తు, అది ఏ రకమో, ఎక్కణ్ణుంచి ఊడిపడిందో చెప్పటం ఇంకో ఎత్తు. దాని జన్యువులోని అక్షరాల్ని వరసగా చదివితే దాని చుట్టాలెవరో బయటపడతారు. ఆ చదువుకి ఒక రోజు పడుతుంది. ఆ రోజంతా సీసాలమ్మ తిన్నదీ లేదు, కుదురుగా కూర్చున్నదీ లేదు.

బుధవారం మధ్యాహ్నం, ఆ అక్షరాలు చూసే కళ్ళజోడాయన స్క్రీను ముందు నోరు వెళ్ళబెట్టాడు.

"మేడమ్, ఇలా రండి! ఇందులో మన గుర్తుంది!"

"ఏ గుర్తు?"

"మన ట్యూబులో గుర్తేనండీ బాబూ!"

మిషన్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవటానికి ల్యాబ్‌లో ఒక ట్యూబు ఉంటుంది. అందులో ఉండేది తట్టు వైరస్ జన్యువు ముక్క, చేత్తో తయారుచేసింది, ఎవరికీ అంటదు. పొరపాటున అది వేరే సీసాల్లో కలిస్తే పట్టుకోవటానికి, ప్రకృతిలో ఎక్కడా లేని ఇరవై అక్షరాల్ని దాని మధ్యలో ఇరికించారు. అవే ఇప్పుడు స్క్రీను మీద కనిపిస్తున్నాయి. అంటే, తట్టు ఆసుపత్రిది కాదు, ల్యాబ్‌ది!

అప్పుడు సీసాలమ్మకు గుర్తొచ్చింది, సోమవారం సాయంత్రం. ఆ ట్యూబు అన్నిటికన్నా చివర తెరవాలి. ఆ నియమం పెట్టింది ఆవిడే, తప్పినవాళ్ళను ఉతికి ఆరేసేదీ ఆవిడే. ఆసుపత్రిలో చూడనిచ్చే వేళ దాటిపోతుందని, పసివాణ్ణి చూసే తొందరలో, దాన్ని ముందే తెరిచి, అవే గ్లవ్సులతో ఆసుపత్రి సీసా ముట్టుకుంది.

మిగిలిన మురుగుతో పెద్దసారు దగ్గరుండి మళ్ళీ పరీక్ష చేయించాడు. తట్టు జాడే లేదు.

"ఎవరి నిర్వాకం ఇది?" అన్నాడు.

"నాదేనండి."

పెద్దసారు చడామడా తిట్టాడు. తిట్టొద్దూ మరి! సీసాలమ్మ తలొంచుకుని అన్నీ విన్నది. అంత హాయిగా తిట్లు తిన్న మనిషిని ఆ గదిలో ఎవరూ చూసి ఉండరు.

సాయంత్రానికి వార్డు తలుపులు తీశారు. వెంటనే చెల్లెలి ఫోను.

"అక్కా, అసలు తట్టే లేదట! ల్యాబ్‌లో ఎవరో పొరపాటు చేశారట. ఆ పనికిమాలిన మనిషెవరో చెప్పు, నిన్నంతా నా ప్రాణం తోడేసింది!"

"నేనేనే."

"నీ సంగతి తర్వాత చెప్తా," అంది చెల్లెలు. "లోపలికి పిలుస్తున్నారు. ముందు నన్ను వాణ్ణి ఎత్తుకోనీ."