మడత ర్యాంపు

అక్క ఒకప్పుడు సిటీ బస్సులో కండక్టరు. నడుము కింద నరాలు చచ్చుబడి చక్రాల కుర్చీకి అతుక్కుపోయినా, నోరు మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదని చెల్లెలు అంటుంటుంది. చెల్లెలిది హోటలు లాండ్రీలో పని. పొద్దస్తమానం ఆవిరి కక్కే మిషను ముందు నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చెయ్యడం. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే.

చెల్లెలికి వారానికి ఒక్కటే సెలవు. ఆ సెలవునాడు అక్కని పాత వ్యానులో ఎక్కించి బస్సు డిపోకి తీసుకెళ్ళడం ఆమె తనకి తాను పెట్టుకున్న నియమం. తెలిసిన మొహాలు నాలుగు కనిపిస్తే అక్కకి ప్రాణం లేచొస్తుందని నమ్మకం. అక్కనీ ఆ బ్యాటరీ కుర్చీనీ కలిపి ఎత్తడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. అందుకే సగానికి మడిచే అల్యూమినియం ర్యాంపు ఒకటి తెచ్చుకున్నారు. వ్యాను వెనక తలుపుకి దాన్ని ఆనిస్తే కుర్చీ మెల్లగా పైకి పాకేది.

ఓ సెలవునాడు కుర్చీ సగం ఎక్కిందో లేదో 'ఠప్'మంది. మడత దగ్గరున్న రెండు కీళ్ళలో ఒకటి విరిగింది. పిన్ను ఎగిరి ఎక్కడో పడింది. ర్యాంపు ఓ పక్కకి కుంగింది. చెల్లెలు భుజం అడ్డం పెట్టి, పళ్ళు బిగించి, కుర్చీని వెనక్కి దింపేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

"ఇక వదిలెయ్యవే," అంది అక్క.

"వదిలేస్తే ఎలా? ఒక్క కీలు ముక్కే కదా, ఎక్కడో ఒకచోట దొరక్కపోదు."

ఆ ఒక్క ముక్క కోసం చెల్లెలు చెప్పులరిగేలా తిరిగింది. ర్యాంపు కొన్న షాపులో కుర్రాడు కంప్యూటర్ వంక చూసి, "ఆ మోడల్ ఆపేశారు మేడం, విడిభాగాలు రావు. కొత్తది తీసుకోండి," అన్నాడు. హార్డ్‌వేర్ కొట్లలో తలుపు బందులూ కిటికీ బందులూ కుప్పలు పోశారు. ఒక కొట్టాయన ఇత్తడి బందు చేతిలో పెట్టి, "ఇది వెయ్యండి, మీ మనవలు వాడుకుంటారు," అన్నాడు. దాని మీద బీరువా తలుపు నిలుస్తుందేమో గానీ అక్క నిలవదు. ఇంకో కొట్లో అయితే సంగతి పూర్తిగా వినకుండానే చెయ్యి ఊపేశారు. పని దిగి, బట్టలకి ఆ సబ్బు వాసనతోనే కొట్లు మూసేదాకా తిరగడం, ఇంటికొచ్చి అక్కకి ఒళ్ళు తుడిచి పడుకోబెట్టడం, మళ్ళీ తెల్లారడం. మడమలు రాత్రంతా సలుపుతూనే ఉండేవి.

చివరికి లాండ్రీ వ్యాను డ్రైవరు చెప్పాడు, లారీలకి బాడీలు కట్టే షెడ్డులో అడిగి చూడమని. మళ్ళీ సెలవు రాగానే చెల్లెలు అక్కడికి వెళ్ళింది. మేస్త్రి వెల్డింగ్ అద్దాలు నుదుటి మీదకి నెట్టి విన్నాడు.

"వస్తువేదమ్మా?"

"ఇంట్లో ఉంది బాబాయ్."

"కాలు చూపించకుండా చెప్పు కుట్టమంటే ఎలా తల్లీ?"

చెల్లెలికి ఏడుపొచ్చినంత పనైంది. వచ్చిన దారినే ఇంటికెళ్ళి, ర్యాంపుని ఈడ్చి వ్యానులో వేసుకుని, మళ్ళీ వచ్చింది. మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒకటి పోయిందంటే రెండోదీ దాని దారే పడుతుంది. రెండూ మారుద్దాం. దీనికి ఇనుము అతకదు, బోల్టులే వెయ్యాలి," అని, పాత లారీ పక్క తలుపు నుంచి తీసిన లావుపాటి కీళ్ళు రెండు వెతికి తెచ్చాడు. కన్నాలు వేసి, కింద పట్టీలు పెట్టి, బోల్టులు బిగించాడు. చెల్లెలు ఓ టైరు మీద కూర్చుని చూస్తూ చూస్తూ కునికింది. మేస్త్రి పిలిస్తేగానీ మెలకువ రాలేదు.

"ముందు బరువేసి చూసుకోండి. ఆ తర్వాతే నమ్మండి," అన్నాడు.

ఇంటికొచ్చి వ్యాను వెనక ర్యాంపు పరిచి, చెల్లెలు అక్కని వాకిట్లోకి తీసుకొచ్చింది. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు.

"బాగయిందా?" అంది అక్క. ఆ గొంతులో సంతోషమేమీ లేదు.

"అదేంటే, మొహం అలా పెట్టావ్?"

అక్క కొత్త కీళ్ళ వంక చూస్తూనే అంది, "చెప్తే తిడతావ్. ఇది విరిగిన రోజు నాకు హాయిగా అనిపించిందే. డిపోలో నన్నెరిగినవాళ్ళు ఎంతమంది మిగిలారు? ఉన్నవాళ్ళు కూడా 'అయ్యో పాపం' అని ఓ చూపు చూసి బస్సెక్కేస్తారు. వారం వారం ఆ చూపు కోసం తయారవడం నా వల్ల కావట్లేదు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు నోరు మూసుకున్నావ్?"

"నీకు అదొక్కటే కదా సరదా అనుకున్నాను. ఇంట్లో నాతో ఉండి ఉండి విసిగిపోయుంటావ్, బయటి గాలి పోసుకుంటావులే అని."

చెల్లెలు ర్యాంపు అంచున కూలబడింది. "నాకు సరదానా? ఆ ఒక్క రోజూ మంచం దిగకుండా పడుకోవాలని ఎంత ఉంటుందో తెలుసా నీకు? నువ్వు కుమిలిపోతావేమోనని లాక్కెళ్ళాను."

ముందు అక్కే నవ్వింది. చెల్లెలికి నవ్వొచ్చింది గానీ, దాని వెనకే కన్నీళ్ళూ వచ్చాయి.

"ఇన్ని తిప్పలు పడి చేయించావు కదా, ఒక్కసారి ఎక్కి చూద్దాం పద," అంది అక్క.

కుర్చీ ఎక్కింది. కీళ్ళు కిర్రుమన్నాయి, కుంగలేదు. ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేదు కాబట్టి వెనక తలుపు తీసే ఉంచి అక్క అక్కడే కూర్చుంది. చెల్లెలు ఆమె పక్కన వ్యాను నేల మీద దుప్పటి పరుచుకుని, ఊరికే నడుం వాలుస్తానంది. మాట పూర్తికాకుండానే నిద్రపోయింది.

పక్కింటామె వచ్చి, "ఎక్కడికో బయల్దేరినట్టున్నారు?" అంటే అక్క నోటికి వేలు అడ్డం పెట్టి, వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపింది. వీధి దీపాలు వెలిగేదాకా చెల్లెల్ని లేపలేదు.

మళ్ళీ వచ్చిన సెలవునాడు వాళ్ళు గడప దాటలేదు. ఆ పై సెలవునాడూ అంతే. నెల తిరిగాక ఒకనాడు అక్కే, "కొత్త వంతెన కట్టారటగా, దాని మీద ఓసారి పోయొద్దామా? నీకు ఓపికుంటేనే సుమా," అంది. చెల్లెలు ఆలోచించి, ఇవాళ లేదంది.

"సరే అయితే, రేపెప్పుడైనా," అని అక్క మంచం మీదే మళ్ళీ కళ్ళు మూసుకుంది.