చెమట కాదు, డీజిల్

నేను ఒక డీజిల్ గొట్టాన్ని అని చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. మూరెడు పొడవు, వేలెడు లావు, నలుపు రంగు. వేడి యంత్రంలోంచి సాగి వచ్చి, పెద్ద చుట్టగా విశాఖపట్నం చేరాను. అక్కడ కొట్టులో ఒకతను పూలదండ కొలిచినట్టు నన్ను మోచేతితో కొలిచి, కోసి, ఎల్లాజీ చేతిలో పెట్టాడు.

ఎల్లాజీది భీమిలి దగ్గర ఒక పల్లె. అతనికి తెరచాప నావ ఉంది. గాలి ఉంటే చాప, లేకపోతే ఇంజను. ట్యాంకులోని డీజిల్‌ను ఇంజనుకు అందించే పని నాది. దండలు నావకు, పొగడ్తలు ఇంజనుకు. ఇంజను ఆగినప్పుడు మాత్రం మొదటి తిట్టు నాకే. ఎదురు చెప్పడానికి నోరు లేక కాదు. నాకు రెండు నోళ్ళున్నాయి. రెంటినీ క్లిప్పులు పెట్టి బిగించేశారు.

ఏడేళ్ళలో ఎండా, ఉప్పునీరూ నా ఒళ్ళు గుల్ల చేశాయి. క్లిప్పు పక్కన సన్నగా పగిలాను. ఇంజను దగ్గినప్పుడల్లా ఎల్లాజీ వచ్చి క్లిప్పును ఇంకాస్త బిగించేవాడు. పగులు ఇంకాస్త పెరిగేది. మనుషులకు తెలిసిన వైద్యం అదొక్కటే, బిగించడం.

ఈ ఏడు చేపల వేట నిషేధం ముగిసిన రోజు అందరిలాగే వీళ్ళూ నావకు పూజ చేశారు. ఎల్లాజీ భార్య మసేనమ్మ నావ ముందు కొన నుంచి ఇంజను దాకా పసుపు రాసింది. రాస్తూ రాస్తూ, ఎప్పుడూ లేనిది, నాకూ నిలువెల్లా పట్టించింది. కొబ్బరికాయ కొట్టేసరికి నా మీద పసుపు తడిసి, బొట్లు బొట్లుగా మెరిసింది.

ముందు చూసింది మసేనమ్మ తమ్ముడు గురయ్య. బావతో పాటు అతనూ ఆ నావ మీదే వేటకు వెళతాడు.

"బావా, సూడు. గంగమ్మ తల్లి సెమర్చింది" అని దండం పెట్టాడు.

ఎల్లాజీ నన్ను తాకి కళ్ళకద్దుకున్నాడు. పక్క నావల వాళ్ళు కూడా వచ్చి మొక్కారు. నిజం చెప్పాలి, ఏడేళ్ళకు దక్కిన ఆ మర్యాదకు ఒక్క క్షణం నాకూ ఒళ్ళు పొంగింది. మరుక్షణం మండుకొచ్చింది. నేను దేవతను కాను, పగిలిన రబ్బరును. ఒడ్డు దగ్గర కెరటాలు విరిగే చోట చాప పనికిరాదు, ఇంజనే దాటించాలి. అక్కడ నేను తెగితే నావ అడ్డం తిరిగి బోల్తా పడుతుంది, ఇద్దరూ దాని కిందే ఉంటారు. ఈ దండాలు నాకొద్దు. నా చేతనైనది ఒక్కటే చేశాను, ఇంకో చుక్క కార్చాను.

ఆ చుక్కను మసేనమ్మ వేలితో తీసి వాసన చూసింది.

"ఇది సెమట కాదు మావా. డీజిలు."

"పూజ కాడ అలాటి మాటలనకే. అందరూ ఎల్లిపోతన్నారు. మూర్తం దాటిపోద్ది."

"దాటనీ. గొట్టం మార్సి ఎల్లండి."

"పసుపు రాసినదాన్ని తీసేత్తారేటప్పా?" అన్నాడు గురయ్య అక్కతో.

"రాసింది నానే. తీసేదీ నానే."

అంతే, ట్యాంకు మర తిప్పి డీజిల్ ఆపేసి, క్లిప్పులు విప్పి నన్ను ఊడబెరికింది. కొత్తచీర నిండా డీజిల్ పడింది. మిగతా నావలన్నీ కెరటాలు దాటిపోతుంటే తీరం మీద మా నావ ఒక్కటే మిగిలింది. మొదటిరోజే ఆడది వేట ఆపిందని వెనక ఎవరో గొణిగారు. ఆమె అటు తిరిగి కూడా చూడలేదు. నాకు ఆమె మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

గురయ్య భీమిలి వెళ్ళి కొత్త గొట్టం తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఎల్లాజీ నన్ను చేతిలోకి తీసుకుని, పగులు దగ్గర కొద్దిగా వంచాడు. సగానికి పైగా విచ్చుకుపోయాను. అతను పగులును వేలితో తడిమి, మసేనమ్మ వైపు చూసి తలూపాడు.

కానీ మనిషి కదా. కొత్తదాన్ని బిగించాక నన్ను నావలోనే చెక్క కింద దోపాడు. "ఉండనీ, నడి సముద్రంలో అవసరం పడొచ్చు" అన్నాడు.

నేను భయపడింది సరిగ్గా దానికే. వీళ్ళు పాతదాన్ని పారేయరు. దాచిపెడతారు, దాని తప్పు మరిచిపోతారు, మళ్ళీ నమ్ముతారు. నాకు కాళ్ళుంటే అప్పుడే నావలోంచి దూకేదాన్ని.

మసేనమ్మ నన్ను బయటికి లాగింది. చేపలు కోసే కత్తితో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నిలువునా చీల్చి ఇసుకలో పడేసింది.

"ఇప్పుడు దాసుకో మావా."

నావ కెరటాలు దాటింది. ఇంజను ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ చప్పుడు వినబడనంత దూరం వెళ్ళేదాకా ఆమె నా పక్కనే నిలబడింది.

నా మీద జాలిపడకండి. ఇక నన్ను ఎవరూ ఏ ఇంజనుకూ తగిలించలేరు. ఏడేళ్ళు వాళ్ళను మోశాను, ఎనిమిదో ఏడు ముంచలేదు.